పుట్టింటి కోళ్లు కావలి వచ్చాక గుడ్లు మానేశాయి

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది చీమకుర్తి దగ్గర పల్లె. ఆయన ఉద్యోగం మారడంతో పోయిన నెల కావలికి వచ్చేశాం. నా దగ్గర ఏడు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. నాలుగు నాటు పెట్టలు మా అమ్మ ఇచ్చినవి. మిగతా మూడు గ్రామప్రియ జాతివి, ఏడాదిన్నర వయసు. అక్కడ రోజుకు మూడు నాలుగు గుడ్లు వచ్చేవి. సామాన్ల ఆటోలోనే రెండు గంపల్లో వేసి తెచ్చాం. వచ్చిన మర్నాడు రెండు తోలుగుడ్లు పెట్టాయి. అంతే, ఇవాళ్టికి 18 రోజులు, ఒక్క గుడ్డు లేదు. ఇక్కడ ఇంటి వెనక దొడ్డంతా సిమెంటు. టబ్బులో బోరు నీళ్లు పెడుతున్నాను, మేత నూకలు, తవుడు. పక్కింట్లో కుక్క ఉంది. అక్కడ గూటి పక్కనే వీధి దీపం ఉండేది, ఇక్కడ చిమ్మచీకటి, పిల్లి వస్తుందేమోనని గూడు రెండుసార్లు జరిపాను. పదో రోజున సంతలో ఇంకో రెండు పెట్టల్ని కొని కలిపాం. ఆయనేమో టానిక్ తెచ్చి నీళ్లలో కలిపారు. మా అత్తయ్య ఈ చోటు వాటికి అచ్చిరాలేదు, కోసేద్దాం అంటున్నారు. అమ్మ ఇచ్చిన కోళ్లక్కా, నాకు మనసొప్పడం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక చెల్లెలు, కావలి

జవాబు:

చెల్లీ, కోయొద్దు. ముందు ఈ మాట చెప్పేసి, మిగతాది తర్వాత మాట్లాడతాను. నువ్వు రాసినదాన్ని బట్టి నీ కోళ్లకు జబ్బు లేదు, వయసూ అయిపోలేదు. అవి భయపడ్డాయి. ఆ భయం ఇంకా తీరలేదు.

నువ్వు 18 రోజులని లెక్కపెట్టావు. ఆ లెక్క దగ్గరే పొరపాటు ఉంది. అది తెలియాలంటే కోడి కడుపులో గుడ్డు ఎలా తయారవుతుందో కొంచెం తెలియాలి. పెట్టను కోసినప్పుడు నువ్వే చూసి ఉంటావు, లోపల వెన్ను కింద పసుపుపచ్చటి సొనలు గుత్తిగా ఉంటాయి. ఒకటి ఇంచుమించు పూర్తి సొనంత ఉంటుంది. దాని తర్వాతది కాస్త చిన్నది, ఆ తర్వాతది గచ్చకాయంత, ఇంకోటి శనగగింజంత, చివరికి ఆవగింజల్లా లెక్కలేనన్ని. అవన్నీ వరసలో ఉన్నవి. ఇవాళ పెద్దది జారితే రేపటికో ఎల్లుండికో రెండోది సిద్ధంగా ఉంటుంది. చిన్న సొన ఊరి పూర్తి సైజుకు రావడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. జారాక దానికి తెల్లసొన పట్టాలి, పొర పట్టాలి, పెంకు కట్టాలి. ఇదంతా 25, 26 గంటల పని. అందులో పెంకుకే దగ్గర దగ్గర 20 గంటలు.

కోడి బాగా బెదిరితే ఈ వరస మొత్తం ఆగిపోతుంది. ఒంట్లో భయపు హార్మోన్లు పెరుగుతాయి, గుడ్డు తయారు చెయ్యమని మెదడు పంపే కబురు తగ్గిపోతుంది. సగం ఊరిన పెద్ద సొనల్ని ఒళ్లు మళ్లీ తనలోకే కరిగించుకుంటుంది. ప్రాణం మీదికి వచ్చిందనుకున్నప్పుడు పిల్లల సంగతి పక్కనపెట్టి తనను కాపాడుకోవడం దాని స్వభావం. నీకు మర్నాడు వచ్చిన తోలుగుడ్లు అప్పటికే దారిలో ఉన్నవి, పెంకు పట్టేలోపే జారిపోయాయి. ఆ తర్వాత గుత్తిలో పెద్ద సొనలు మిగల్లేదు. మళ్లీ చిన్నవాటి నుంచి మొదలు కావాలి.

అందుకే లెక్క ఊరు మారిన రోజు నుంచి పెట్టకూడదు, భయం తీరిన రోజు నుంచి పెట్టాలి. భయం తీరాక తక్కువలో తక్కువ పది రోజులు, మామూలుగా మూడు నాలుగు వారాలు. నీ ఉత్తరం మళ్లీ చదువు. మొదటి రోజు ప్రయాణం. తర్వాత గూడు రెండుసార్లు జరిగింది. పదో రోజు కొత్త పెట్టలు వచ్చాయి. ఆ తర్వాత నీళ్ల రుచి మారింది. మధ్యలో కుక్క అరుపులు ఉండనే ఉన్నాయి. గుడ్లు రావడం లేదని నువ్వు ప్రేమతో చేసిన ప్రతి పనీ వాటికి ఇంకో కొత్త భయం అయింది. నిన్ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు, అందరం ఇలాగే చేస్తాం. నీ కోళ్లకు ఇంకా మొదటి రోజే నడుస్తోంది.

కాబట్టి ఇవాళ్టి నుంచి మూడు వారాలు గూడు కదలకూడదు, కొత్త కోడి రాకూడదు, వేళలు మారకూడదు. పొద్దున తలుపు తీసేది, మేత వేసేది ఒకరే అయితే మంచిది. పిల్లలుంటే వాటి వెంట పడకుండా చూడు. కుక్క వైపు ఉన్న జాలీకి గోనెసంచులో తాటాకులో కట్టెయ్. దాని అరుపు వినబడినా మనిషి ఎత్తున మీదికి దూకుతూ కనబడకపోతే కోళ్లు కొన్నాళ్లకు అలవాటుపడతాయి.

మార్చాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక్కరోజే అన్నీ మార్చకుండా ఒకదాని తర్వాత ఒకటి చెయ్యి.

అన్నింటికన్నా ముందు నీళ్లు. గుడ్డులో మూడొంతులకు దగ్గరగా ఉండేది నీరే. ఒక పెట్ట మామూలు రోజుల్లో పావు లీటరు దాకా తాగుతుంది, ఎండాకాలంలో దానికి రెండింతలు. ఒక్కరోజు సరిగ్గా నీళ్లు తాగకపోయినా గుడ్లు రోజుల తరబడి ఆగిపోతాయి. ఈ సంగతి నేను పుస్తకంలో నేర్చుకోలేదు. పెళ్లయిన కొత్తలో నేను ఆత్మకూరు వైపు నుంచి అల్లూరు దగ్గరికి కాపురానికి వచ్చాను, నాతో పాటు ఐదు పెట్టలు. మా కొత్తింటి బోరులో నీళ్లు ఉప్పు. ఆ నీళ్లే మట్టిమూకుడులో పోసి పెట్టేదాన్ని. మూకుడు నిండుగానే ఉందిగదా అని నిశ్చింతగా ఉన్నాను. మూడో రోజు అరుగు మీద కూచుని బియ్యం ఏరుకుంటూ చూస్తే, ఒక పెట్ట ముక్కు ముంచింది, తల పైకెత్తింది, గుటక వెయ్యలేదు. ముక్కు విదిలించి పక్కకు పోయింది. ఇంకోటి వచ్చింది, అదీ అంతే. మూకుడు ఎందుకు నిండుగా ఉందో అప్పుడు అర్థమైంది. లోపలికి పోయి తాగడానికి తెచ్చుకున్న బిందెలోంచి చెంబుడు నీళ్లు తెచ్చి పోశాను. ఐదూ ఒక్కసారిగా మూగాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి తాగుతుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు. మూడు రోజులు వాటిని దాహంతో ఉంచాను. ఆ పెట్టలు మళ్లీ గుడ్డు పెట్టడానికి ఐదు వారాలు పట్టింది.

నువ్వు కూడా ఇవాళ కాసేపు దూరంగా కూచుని చూడు. తాగుతున్న కోడి తల పైకెత్తి రెండు మూడు గుటకలు వేస్తుంది, మళ్లీ వంగుతుంది. ముంచి విదిలిస్తుంటే మాత్రం నీళ్లు దానికి పడలేదు. మీ బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క, 1000 లోపు ఉంటే కోళ్లకు ఇబ్బంది లేదు. 3000 దాటితే రెట్ట పలచబడుతుంది, తాగడం తగ్గిస్తాయి. మంచినీళ్ల క్యాన్లు వేసేవాళ్ల దగ్గర ఆ మీటరు ఉంటుంది, అడిగితే చూసి చెబుతారు. నీళ్లు ఉప్పుగా ఉంటే నువ్వు తాగే నీళ్లే వాటికీ పెట్టు, పుంజుతో కలిపి పది కోళ్లకు రోజుకు రెండు మూడు లీటర్లకు మించి పట్టదు. ప్లాస్టిక్ టబ్బు వద్దు, మట్టిమూకుడు పెట్టు, అదీ నీడలో. మధ్యాహ్నానికి ఎండలో వేడెక్కిన నీళ్లను కోడి ముట్టదు. రెండు చోట్ల పెడితే ఒక పొగరుబోతు పెట్ట మిగతావాటిని తాగనివ్వకుండా తరమడం కూడా తగ్గుతుంది.

టానిక్ ఆపెయ్యమను. మీ ఆయన మంచి మనసుతోనే తెచ్చారు, కానీ అది కలిపిన నీళ్ల వాసన వేరు, రంగు వేరు. భయపడ్డ కోడి దాన్ని తాగదు. అది విటమిన్ల మందు అయితే తొందర లేదు, తర్వాత చూడొచ్చు. యాంటీబయాటిక్ అయితే మాత్రం డాక్టరు చెప్పకుండా అసలు వాడొద్దు. ఆ మందు గుడ్డులోకి, మాంసంలోకి దిగుతుంది, అక్కడి నుంచి మీ పిల్లల కంచంలోకి వస్తుంది. సీసా పట్టుకెళ్లి పశువుల ఆసుపత్రిలో చూపించండి.

సంతలో కొన్న రెండు పెట్టల్నీ ఇవాళే వేరు చెయ్యి. దొడ్డిలో ఈ చివర ఇవి ఉంటే ఆ చివర అవి ఉండాలి, నీళ్ల మూకుడు వేరు, మేత గిన్నె వేరు. ముందు వీటికి మేత వేసి, తర్వాత వాటి దగ్గరికి వెళ్లు. దీనికి రెండు కారణాలు. కోళ్లలో ఎవరి తర్వాత ఎవరు అనే వరస గట్టిగా ఉంటుంది. కొత్తది వస్తే ఆ వరస మళ్లీ పొడుచుకుని తేల్చుకోవాలి, అది తేలేదాకా గుడ్ల మాట ఉండదు. రెండో కారణం ఇంకా పెద్దది. సంత కోడి ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ జబ్బు మోసుకొచ్చిందో తెలియదు. కొక్కెర తెగులు పైకి బాగున్న కోడిలోనే లోపల ఉండి, వారం తర్వాత దొడ్డంతా ఊడ్చెయ్యగలదు. ఏ కోడి కొన్నా మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి కలపడం మంచి పద్ధతి. కలిపేటప్పుడు కూడా ఒక వారం జాలీకి అటూ ఇటూ ఉంచి ఒకదాన్నొకటి చూసుకోనిచ్చి, ఆ తర్వాత ఒక రాత్రిపూట గూట్లో కలుపు. కొక్కెర టీకా సంగతి ఆసుపత్రిలో అడుగు, నీ కోళ్లకు ఇదివరకు ఎప్పుడు వేశారో చెబితే ఇప్పుడు వెయ్యాలో ఆగాలో వాళ్లే చెబుతారు.

ఇక మేత. పల్లెలో కూడా నూకలు, తవుడే వేసేదాన్నని అంటావేమో. నిజమే, కానీ అక్కడ నువ్వు వేసింది వాటికి సగం తిండే. మిగతా సగం అవే చూసుకునేవి. పేడకుప్ప గెలికి పురుగులు, వానపడితే ఉసిళ్లు, కంచె కింద చెదలు, చేలగట్ల మీద గడ్డి విత్తనాలు. మాంసకృత్తులన్నీ అక్కడి నుంచే వచ్చేవి. సిమెంటు దొడ్డిలో గెలకడానికి ఏముంది చెప్పు? గుడ్లు పెట్టే కోడి మేతలో 16 నుంచి 18 శాతం మాంసకృత్తులు ఉండాలి. నూకల్లో దాంట్లో సగం కూడా ఉండవు.

గ్రామప్రియ పెట్టలకు లేయర్ దాణా కొను, ఒక్కోదానికి రోజుకు 110 గ్రాముల చొప్పున. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవాళ్లు పెరటి పెంపకానికని తయారుచేసిన జాతి అది. పెరట్లో తిరిగే కోడే అయినా ఏడాదికి నూట యాభైకి పైగా గుడ్లు పెట్టే ఒళ్లు, ఉత్త నూకలతో గడవదు. ఒక్కసారిగా మార్చకు. మొదటి రెండు రోజులు నాలుగోవంతు దాణా, ముప్పావు నూకలు, తర్వాత సగం సగం, అలా వారం రోజుల్లో పూర్తిగా మార్చు. నాటువాటికి నూకల్లో గుప్పెడు దాణా, సజ్జలు కలిపినా చాలు. వేరుశనగ చెక్క దొరికితే పొడి చేసి కొద్దిగా కలుపు, కానీ ఈ వానల్లో చెక్కకు బూజు పడుతుంది. వాసన తేడాగా ఉంటే ఎంత ఖరీదైనదైనా పారెయ్, ఆ బూజు కోడి లివర్‌ను తినేస్తుంది. మన వైపు ఎండు రొయ్యపొట్టు తేలిగ్గా దొరుకుతుంది, ఉప్పు పట్టించనిది అయితేనే వెయ్యి.

పెంకు కోసం గుల్ల కావాలి. ఒక్క గుడ్డు పెంకులో రెండు గ్రాముల పైన కాల్షియం ఉంటుంది. సముద్రం దగ్గరే ఉన్నావు కాబట్టి ఆల్చిప్పలు, గుల్లలు తెచ్చి కడిగి ఎండబెట్టి, కందిబద్దంత ముక్కలుగా దంచి ఒక చిప్పలో విడిగా పెట్టు. మేతలో కలపొద్దు. ఏ పెట్టకు ఎంత కావాలో అదే తింటుంది. సున్నం మాత్రం పెట్టకు, నోరు కాలుతుంది.

ఆ సిమెంటు దొడ్డిలోనే ఒక మూల పాత టైరు పెట్టి ఇసుక, ఎర్రమట్టి, పొయ్యి బూడిద పోసివ్వు, పైన తడవకుండా రేకు వెయ్యి. దుమ్ములో పొర్లని కోడి మనసు కుదుటపడదు. రెక్కల కింద పేలు కూడా దాంతోనే పోతాయి.

వీధి దీపం సంగతి నువ్వు పిల్లి భయం గురించి చెబుతూ రాశావు గానీ, అందులో నీకు తెలియని కారణం ఒకటి ఉంది. కోడి గుడ్డు పెట్టడం వెలుగు మీద ఆధారపడుతుంది. రోజుకు 14 గంటలకు పైగా వెలుగు ఉంటే గుడ్లు బాగా వస్తాయి. మన జిల్లాల్లో జూన్‌లో పగలు 13 గంటల దాకా ఉంటుంది, ఇప్పుడు 11 గంటల పైచిలుకే. పైగా వాన మబ్బు. పాత ఇంట్లో ఆ దీపం గూటిమీద పడి మీ గ్రామప్రియ పెట్టలకు పొద్దు పెంచింది. ఇక్కడికి రాగానే ఆ పొద్దు ఒక్కసారిగా తగ్గిపోయింది. ఇప్పుడే బల్బు పెట్టకు, అది ఇంకో మార్పు అవుతుంది. రెండు వారాలు గడిచి, మేత బాగా తింటూ తిరుగుతుంటే అప్పుడు గూటి దగ్గర చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టి తెల్లవారుజామున నాలుగు గంటలకు వెయ్యి. సాయంత్రం వద్దు, దీపం టక్కున ఆరిపోతే కర్ర ఎక్కని కోళ్లు చీకట్లో దిక్కుతోచక తిరుగుతాయి.

గుడ్లకు వస్తున్నాయో లేదో రోజూ గూట్లో వెతికి బాధపడక్కర్లేదు. రాత్రి కర్ర మీద నిద్రపోతున్నప్పుడు మెల్లగా ఒక్కోదాన్ని చూడు. నెత్తిమీద జుట్టు (ఎర్రటి తురాయి) పాలిపోయి ముడుచుకుని ఉంటే ఇంకా టైముంది. ఎర్రగా, కాస్త నిండుగా అవుతుంటే దగ్గరపడింది. గుడ్డు వచ్చే దారికి అటూ ఇటూ రెండు సన్నటి ఎముకలు చేతికి తగులుతాయి. వాటి మధ్య ఒక వేలు మాత్రమే పడితే ఆగి ఉంది, రెండు మూడు వేళ్లు పడితే పెడుతోంది. పగలు నువ్వు వీపు మీద చెయ్యి పెట్టగానే రెక్కలు కొంచెం విప్పి కిందికి అణిగి కూచుందంటే వారం పది రోజుల్లో గుడ్డు చూస్తావు. ఎముకలు ఎడంగా ఉండి గుడ్డు కనబడకపోతే మాత్రం ఎక్కడో దాచి పెడుతోందని అర్థం. ఇటుకల వెనక, బట్టలుతికే బండ కింద వెతుకు. ఉదయం పది దాటేదాకా బయటికి వదలకపోతే ఎక్కువ గుడ్లు గూట్లోనే పడతాయి.

గ్రామప్రియ పెట్టలకు ఈకలు రాలుతున్నాయేమో కూడా గమనించు. ఏడాదిన్నర వయసుకు ఈకలు మార్చుకోవడం మామూలే. అదే మొదలైతే రెండు మూడు నెలలు గుడ్లు రావు, దాణా మాత్రం తగ్గించకూడదు. నాటు పెట్టల లెక్క ఎలాగూ వేరు. అవి పదో పదిహేనో పెట్టి పొదుగుకు కూచుంటాయి, ఏడాది మొత్తానికి యాభై అరవై గుడ్లు. వాటి దగ్గర రోజూ గుడ్డు ఆశించకు. వాటి విలువ పిల్లల్ని సాకడంలో ఉంది.

భయం కాకుండా జబ్బు అని ఎప్పుడు అనుకోవాలో కూడా చెప్పాలి. ఆకుపచ్చగానో సున్నంలాగానో రెట్ట వేసినా, మెడ వంకర తిరిగినా, నోరు తెరిచి ఊపిరి తీసినా, జుట్టు నీలంగా మారినా, ఒకేసారి రెండు మూడు చచ్చిపోయినా ఆలస్యం చెయ్యకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి. చచ్చిన కోడిని కోయొద్దు, కాలవలో పడెయ్యొద్దు. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, దాచిపెడితే ఊరంతా నష్టపోతుంది. నువ్వు రాసినదాంట్లో అలాంటి గుర్తు ఒక్కటీ లేదు కాబట్టి టెన్షన్ పడకు.

మీ అత్తయ్యగారికి కూడా ఒక మాట. అమ్మా, కొత్త చోటు అచ్చిరాలేదని మీరన్నదాంట్లో నిజం ఉంది, కోళ్లకు ఈ చోటు ఇంకా పడలేదు. ఇల్లు మారితే పసిపిల్లలు నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినరు, మీరు చూసే ఉంటారు. సంక్రాంతి దాకా గడువివ్వండి. కోడళ్లకు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ప్రాణాల మీద ఎంత మమకారం ఉంటుందో మీకు నేను చెప్పేదేముంది.

గూట్లో వెదురు గంపో చెక్కపెట్టో, అడుగున్నర వెడల్పుది, చీకటి మూలన పెట్టి వరిగడ్డి పరుచు. నాలుగైదు పెట్టలకు ఒకటి చాలు. అందులో గుడ్డంత తెల్లటి గులకరాయి ఒకటి ఉంచు. ఇక్కడ ఎవరో ముందే పెట్టారు, భయం లేదు అని పెట్టకు తెలియాలి. మొదటి గుడ్డు వచ్చినప్పుడు చిన్నదిగా ఉండొచ్చు, పెంకు గరుకుగా ఉండొచ్చు, కంగారుపడకు. ఆ గుడ్డును వండకు. పెన్సిల్‌తో గుర్తు పెట్టి, గులకరాయి తీసేసి, దాని స్థానంలో అక్కడే వదిలెయ్. రెండోది దాని పక్కనే పడుతుంది. అది తీసుకెళ్లి మీ అత్తయ్యగారి చేతిలో పెట్టు.